ఉబుంటులో టార్ బ్రౌజర్ టెక్స్ట్ ఫైల్‌లా తెరుచుకుంటుంటే

తమ్మీ, హన్మకొండల కొన్న పాత డెస్క్‌టాప్‌ల టార్ (మనం ఎవరమో, ఎక్కడున్నమో దాచే బ్రౌజర్) డబుల్ క్లిక్ చేస్తే అక్షరాలే కనవడుతున్నయన్నవు. డౌన్‌లోడ్ మంచిదే, ఉబుంటు (కంప్యూటర్‌ను నడిపే లినక్స్ సిస్టమ్) ఆ ఫైల్‌ను ప్రోగ్రామ్ అనుకుంటలేదంతే.

ముందు డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌ను హోమ్ ఫోల్డర్ల ఎక్స్‌ట్రాక్ట్ చెయ్. లోపల 'బ్రౌజర్' అనే ఫోల్డర్, 'స్టార్ట్-టార్-బ్రౌజర్' ఫైల్ ఉంటయి. అక్కడే ఖాళీ జాగల రైట్ క్లిక్ కొట్టి టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) తెరువు. చుక్క, స్లాష్, చిన్న ఎస్ టైప్ చేసి ట్యాబ్ నొక్కు, పూర్తి పేరు అదే వస్తది. స్పేస్ ఇచ్చి రెండు హైఫన్లు, వెంటనే రిజిస్టర్-యాప్ అని ఇంగ్లిష్‌ల కొట్టి ఎంటర్. ఇగ మెనూలనే దొరుకుతది. తర్వాత ఫోల్డర్ జరిపితే ఆ ఐకాన్ పనిచెయ్యది, మళ్ల రిజిస్టర్ చెయ్యాలె. కమాండ్ ముందు సుడో (అడ్మిన్ హక్కుతోని నడిపే మాట) మాత్రం పెట్టకు, టార్ రూట్‌గ, అంటే అడ్మిన్‌గ, నడువనే నడువది.

తెరుచుకున్నంక కనెక్షన్ మధ్యల ఆగితే నెట్‌ను తిట్టకముందు గడియారం చూడు. తారీఖు, టైమ్‌జోన్ తప్పితే టార్ కలువది. కరెంటు పోయినప్పుడల్లా తారీఖు వెనక్కి పోతుందంటే మదర్‌బోర్డు మీది సెల్ అయిపోయినట్టే. చాలా డెస్క్‌టాప్‌లల అది సీఆర్2032. మార్చుడు అల్కనే, పవర్ వైరు పీకినంకనే ముట్టు. అప్‌డేట్లు బ్రౌజరే తీసుకుంటది, మళ్ల డౌన్‌లోడ్ అక్కరలేదు.