సునాబెడ వెళ్తున్న మా గుంటకి పెదనాన్న రాసేది

అమ్మీ,

నీకు సునాబెడ ఇంజన్ ఫ్యాక్టరీలో అప్రెంటిస్ వచ్చిందని రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఫోన్ పెట్టేశాక పెరట్లోకి వెళ్లి కాసేపు ఊరికే నుంచున్నాను. మీ పెద్దమ్మ వచ్చి ఏటండీ ఏడుస్తున్నారా అంది, కాదే దోమల్ని చూస్తున్నాను అన్నాను. మన పర్లాకిమిడి నుంచి ఎయిర్‌ఫోర్స్‌కి వెళ్లి మిగ్ 21 యుద్ధ విమానాల ఇంజన్లతో 20 ఏళ్లు బతికినోడిని, ఆ ఇంజన్లు చెయ్యడానికే 1964లో పెట్టిన ఫ్యాక్టరీకి మా తమ్ముడి కూతురు వెళ్తోందంటే ఎలగ ఉంటదో నీకెలా తెలుస్తుంది. మొన్న 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్ 21లకి వీడ్కోలు చెప్తుంటే టీవీ ముందు ఇలాగే కూర్చున్నాను, అప్పుడు దోమలు కూడా లేవు.

సర్టిఫికెట్లు మూడు సెట్లు జిరాక్స్ తీసి ఉంచుకో. స్వెట్టర్ పెట్టుకో, సునాబెడ ఉన్న కొరాపుట్ కొండల చలి మన ఊరి మహేంద్రతనయ ఒడ్డు చలి కాదు. హాస్టల్లో తిండి బాగోకపోతే మీ నాన్నకి కాదు, నాకు చెప్పు.

ఇప్పుడు తిడతాను, విను. దసరాకి వచ్చినప్పుడు మంట వెనక్కి కొడితే విమానం ముందుకెళ్తది, అంతే పెదనాన్నా అని చెప్పావు, పెళ్లివారి ముందు కదా అని ఊరుకున్నాను. తప్పు కాదు గానీ అది అన్నం తిన్నోడు చెప్పే మాట, వండినోడు చెప్పేది కాదు. ముందు మూతిలోంచి గాలి వస్తది, దాన్ని కంప్రెసర్ నొక్కుతది. తిరిగే బ్లేడ్ల వరస ఒకటి, దాని వెనక కదలని వరస ఒకటి, మళ్లీ తిరిగేది, మళ్లీ కదలనిది, రథయాత్ర రోజు సందులో జనాన్ని ఒకళ్ల వెనక ఒకళ్లు తోసుకుపోయినట్టు గాలిని ఇంకా ఇంకా ఇరుకులోకి తోస్తాయి. మా పాత మిగ్ ఇంజన్‌లో ఆరు వరసలే, నువ్వు చూడబోయే సుఖోయ్ 30 ఇంజన్, ఏఎల్ 31, దానికి ముందు ఫ్యాన్ నాలుగు వరసలు, వెనక ఇంకో తొమ్మిది. అంత జోరుగా వచ్చే గాలిలో మంట నిలబడాలంటే ఎలాగ? కార్తీక మాసంలో మీ నాయనమ్మ దీపానికి అరచెయ్యి అడ్డం పెట్టేది చూడు, అలాగే ముందు గాలి జోరు తగ్గించి, రేకు గొట్టానికి జల్లెడ కన్నాలు పెట్టి కొంచెం గాలినే మంట దగ్గరికి రానిస్తారు. మిగతా ఎక్కువ గాలి మండటానికి కాదు, ఆ రేకు కరిగిపోకుండా, మంటలోంచి వెనక్కి పోయే గాలి వేడి తగ్గేలా చల్లబరచటానికి.

ఇక టర్బైన్, అంటే మంట వెనకుండే బ్లేడ్ల చక్రం. అందరూ తప్పు చెప్పేది ఇక్కడే. టర్బైన్ విమానాన్ని తొయ్యదు. మంటలోంచి వచ్చే వేడి గాలికి అది తిరిగి, షాఫ్ట్, అంటే ఇరుసు, దాని మీద ముందున్న కంప్రెసర్‌ని తిప్పుతది, అంటే కొలిమి తన తిత్తిని తానే ఊదుకుంటోందన్నమాట. అది తీసుకోగా మిగిలిన జోరే వెనక మూతి, అదే నాజిల్, అందులోంచి వెళ్లి విమానాన్ని తోస్తది. టర్బైన్ బ్లేడ్ నికెల్ మిశ్రమం, ఇప్పటి ఇంజన్లలో దానికి తగిలే గాలి ఆ లోహం కరిగే వేడికంటే ఎక్కువ ఉంటది, అయినా కరగదు, ఎందుకంటే లోపల డొల్ల, ఒంటినిండా సన్న కన్నాలు, కంప్రెసర్ నుంచి తెచ్చిన గాలి ఆ కన్నాల్లోంచి బయటికొచ్చి పొరలాగ కప్పుతది. దాన్ని చల్ల గాలి అంటారు, దానికి చెయ్యి పెడితే చెయ్యి మిగలదు, అది వేరే సంగతి. మొదటి రోజు ఎవరో ఒక పెద్దాయన నీ చేతిలో ఒక బ్లేడ్ పెడతాడు. ఆ కన్నాలు వేలితో తడిమి చూడు, ఊరికే తిప్పి ఇచ్చెయ్యకు.

ఇవన్నీ ఎలాగూ నేర్చుకుంటావు. నాకు నిద్ర పట్టనిది వేరే ఉంది.

నాకప్పుడు 22. మా అమ్మ, అంటే మీ నాయనమ్మ, ఊళ్లోంచి వెళ్లే ముందు నా దండచేతికి నల్లతాడుతో రాగి తాయెత్తు కట్టింది, ఇంజన్ల దగ్గర పని కదా నాయనా అని. ఒకరోజు ఎండకి చేతులు భుజాల దాకా మడిచి, స్టాండ్ మీదున్న ఇంజన్ మూతిలో చెయ్యి పెట్టి తుడిచాను. మర్నాడు దానికి టెస్ట్ రన్. ఆ రాత్రి స్నానం చేస్తుంటే చూసుకున్నాను, దండ మీద తాడు లేదు. ఎక్కడ పడిందో నాకు తెలుసమ్మీ. తెలిసి కూడా బాత్రూంలో పడుంటది, బ్యారక్‌లో పడుంటది అనుకుని పడుకున్నాను, చెప్తే ఏం చేస్తారో అని భయం. పొద్దున ఇంజన్ స్టార్టయ్యింది, చుట్లు పెరుగుతున్నాయి, కూత మధ్యలో టక్కుమని ఒక చిన్న చప్పుడు, ఆ తర్వాత కూత మారిపోయింది. ఆపేశారు. విప్పితే ముందు వరసలో బ్లేడ్ల అంచులు ఎలక కొరికినట్టు ఉన్నాయి, ఒకదాని మీద రాగి రంగు గీత. నిమిషానికి 10,000 చుట్లు పైన తిరిగేదానికి తాయెత్తయినా తుపాకీ గుండయినా ఒకటే, విరిగిన ముక్క వెనక వరసకి పోతది, దాని ముక్కలు ఇంకా వెనక్కి.

మా సార్జెంట్ నల్లతాడు పీచు ఒకటి పట్టకారతో తీసి నా వైపు చూశాడు. నా మొహం కాదు, దండ. ఎండకి నల్లబడ్డ చేతి మీద తాడున్న చోట తెల్లగా గీత. ఎప్పుడు తెలిసింది అన్నాడు. రాత్రి అన్నాను. ఆయన ఇంకేం అనలేదు. ఇంజన్ చూసి సంతకం పెట్టింది ఆయన, నేను రాత్రే నోరు విప్పుంటే పొద్దున టార్చి వేసి ఐదు నిమిషాల్లో తీసేసేవాళ్లు. ప్రమోషన్ ఆగింది ఆయనకి, నాకు కాదు. తిట్టుంటే బాగుండేది.

అందుకే చెప్తున్నాను, నీకు జడపిన్నులు ఎక్కువ, వద్దు. గాజులు, ఉంగరం, చెవి దుద్దులు, జేబులో పెన్ను, ఏదీ వద్దు. పనికి ముందు పానాలు లెక్కపెట్టు, అయ్యాక లెక్కపెట్టు, బోల్టులు వదులవకుండా కట్టే లాకింగ్ వైర్ కత్తిరిస్తే ఆ ముక్క కూడా లెక్కే. ఒకటి తక్కువైతే అక్కడే, ఆ నిమిషంలోనే చెప్పు, షిఫ్ట్ బస్సు పోతే పోనీ. అరుస్తారు, అరవనీ.

సెలవుకి వచ్చినప్పుడు అమ్మ నా చెయ్యి చూసి తాయెత్తేదిరా అంది. పెట్టెలో దాచానమ్మా అన్నాను. నమ్మలేదనుకుంటా, మర్నాడు ఇంకోటి తెచ్చి కట్టింది. అది మాత్రం నిజంగానే పెట్టెలో ఉంది.

మీ అమ్మ కూడా నీకు ఏదో ఒకటి కడుతుంది చూడు. వద్దనకు, కట్టించుకో, ఫ్యాక్టరీ గేటు దగ్గర విప్పి పర్సులో పెట్టుకో. రాయగడ దాకా నేనూ వస్తాను, కొరాపుట్ రైలు ఎక్కించి వెనక్కి వస్తాను, మీ నాన్నతో చెప్పు.

మీ పెదనాన్న