హోంవర్క్ అనగానే పుస్తకం విసిరేసే బాబు గురించి

అక్కా, ఐదో తరగతి బాబు హోంవర్క్ అనగానే పుస్తకం విసిరేస్తున్నాడని, కొట్టినా మారట్లేదని రాశారు. మిర్యాలగూడలో మా ఇంట్లోనూ ఇదే నడిచింది. అమెరికా సైకాలజిస్ట్ రాస్ గ్రీన్ చెప్పే ‘ప్లాన్ బి’, అంటే పిల్లాడితో కలిసి కూర్చొని సమస్యకు దారి వెతకడం, మాకు పనికొచ్చింది.

గొడవ జరిగేటప్పుడు కాదు, ఆదివారం పొద్దున వాడు నిమ్మళంగా ఉన్నప్పుడు అడగండి: "హోంవర్క్ దగ్గర కష్టమవుతున్నట్టుంది, ఏమైంది నాన్నా?" అడిగాక ఊరుకోండి. ఇదే అన్నిటికన్నా కష్టం. మావాడు సకినం కొరుకుతూ కూర్చుని చాలాసేపటికి అన్నాడు, "లెక్క వస్తది, ఇంగ్లీషులో ప్రశ్నే అర్థం కాదు" అని. బద్ధకం అనుకొని ఎన్ని దెబ్బలు వేశానో, ఇప్పటికీ బాధే.

తర్వాత మీ టెన్షన్ ఏంటో చెప్పి, ఇద్దరికీ కుదిరే దారి వాడినే అడగండి. మేము ప్రశ్నను తెలుగులో చదివి చెప్తున్నాం, లెక్క వాడే చేస్తాడు. మొదటి ఉపాయం పారకపోతే మళ్లీ కూర్చొని మాట్లాడుకోండి.