ఆ డప్పు కొట్టిందెవరు?

నల్లగొండ

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. ఒకే బిగిన చదివాను. శబ్దాన్ని రికార్డు చేసి పెట్టుకుని మీట నొక్కగానే మోగించే శాంప్లర్ యంత్రం మేలా, అదే పని చేసే కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ మేలా అన్న చర్చను తెలుగులో ఇంత ఓపికగా రాసేవాళ్లు అరుదు. భాష శుభ్రంగా ఉంది. ఇక నన్ను ఈ ఉత్తరం రాయడానికి కూర్చోబెట్టిన సంగతికి వస్తాను.

మూడో పేజీలో ఇలా రాశావు: "పీర్ల పండుగ రాత్రి ఒక స్థానిక కళాకారుడి డప్పు దెబ్బను రికార్డు చేసి, దాన్ని రెండు పద్ధతుల్లోనూ పరీక్షించాను." అక్కడ కాగితాలు పక్కన పెట్టేశాను. ఎవరా స్థానిక కళాకారుడు? నీది పాలమూరు పల్లె. మీ ఊళ్లో డప్పు కొట్టేవాళ్లు ఎంతమంది ఉంటారు? నువ్వు ఎవరి కొడుకువో ఆయనకు తెలిసే ఉంటుంది, ఆయన పేరు నీకు తెలియదా? డ్రమ్ యంత్రాలు రూపొందించిన రోజర్ లిన్ పేరు రాశావు, జపాను కంపెనీల పేర్లు రాశావు, మోడల్ నంబర్లు ఒక్క అక్షరం తప్పు పోకుండా రాశావు. వ్యాసమంతా ఏ శబ్దం మీద నిలబడిందో ఆ శబ్దం చేసిన మనిషికి మాత్రం పేరు లేదు.

నాకు మరీ బాధ కలిగించింది ఆ తర్వాతి వాక్యం. "గుండం పక్కన గడ్డి మంట మీద డప్పు కాచి, తోలును బొటనవేలితో నొక్కి చూసి, ఇంకా రాలేదు అన్నాడు." ఇది చూసినవాడు మాత్రమే రాయగల వాక్యం. ఎక్కడ నొక్కాడో చూశావు, ఏమన్నాడో విన్నావు. అంత బాగా చూసినవాడివి వెంటనే ఆయన్ని వదిలేసి మోడల్ నంబర్లలోకి వెళ్లిపోయావు. ఆ ఒక్క వాక్యం లేకపోతే నీకు జవాబు రాసేవాణ్ణి కాదు.

తొంభైల్లో నేను హైదరాబాదులో ఒక స్టూడియోలో పని చేసేవాణ్ణి. జానపద పాటల క్యాసెట్ల కాలం అది. గాయకులకు పాట సాపు రాసివ్వడం, ఏ టేకు బాగుందో కాగితం మీద గుర్తు పెట్టడం నా పని. రాత్రిళ్లు అక్కడే చాప పరుచుకుని పత్రికలకు వ్యాసాలు రాసుకునేవాణ్ణి. ఒకరోజు మన నల్లగొండ వైపు నుంచే ఒక పెద్దాయన డప్పుతో వచ్చాడు. ఆవరణలో పాత వార్తాపత్రికలు మండించి తోలు కాచుకున్నాడు. లోపల ఏసీ గది. మైకు సరిచేసి, గాయకుడు గొంతు సవరించుకుని, టేపు తిరగడం మొదలయ్యేసరికి తోలు చల్లబడి దెబ్బ మెత్తబడింది. మళ్లీ బయటికి, మళ్లీ మంట. పొగ వస్తోందని యజమాని కసురుకున్నాడు. చివరికి కీబోర్డు వాయించే ఆయన మైకు తీగను కిటికీలోంచి ఆవరణలోకి లాగాడు. పెద్దాయనను మంట పక్కనే నిలబెట్టి, లావు పుల్ల చిర్రతో నాలుగు, సన్నని చిటికెన పుల్లతో నాలుగు దెబ్బలు విడివిడిగా కొట్టించి, వాటిని ఆకాయి ఎస్ 900 శాంప్లర్‌లోకి ఎక్కించాడు. అది 1986 నాటి యంత్రం. మెమరీ 750 కిలోబైట్లు, పూర్తి నాణ్యతతో అయితే పన్నెండు సెకన్ల శబ్దం కూడా పట్టదు. మిగతా వాద్యాలకు చోటు కావాలని ఎనిమిది దెబ్బల్లో రెండు ఉంచి తక్కినవి తుడిచేశారు. ఆ రెండూ ఫ్లాపీలోకి వెళ్లాయి. పెద్దాయనకు ఆ రోజు కూలి ఇచ్చి పంపారు.

తర్వాత ఆ ఫ్లాపీ ఎన్ని క్యాసెట్లలో మోగిందో! పెళ్లి పాటలో అదే దెబ్బ, బతుకమ్మ పాటలో అదే, ఎన్నికల ప్రచారంలోనూ అదే. నేను వినగానే గుర్తుపట్టేవాణ్ణి, ఎందుకంటే చిర్ర దెబ్బ చివర కాగితపు మంట చిటపట సన్నగా వినిపించేది. ఒక్క క్యాసెట్ అట్ట మీద కూడా ఆయన పేరు లేదు. ఆయన్ని మళ్లీ పిలవనూ లేదు. దెబ్బ పెట్టెలో ఉన్నాక మనిషితో పనేముందని వాళ్ల లెక్క.

ఈ సంగతంతా రాసి ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు పెద్దాయన గురించిన పేరాలు కొట్టేసి, పక్కన "విషయానికి సంబంధం లేదు" అని రాసి, మిగతాది అచ్చు వేశాడు. యంత్రం బొమ్మ మాత్రం అర పేజీ వేశాడు. కిలోహెర్ట్జ్ (సెకనుకు వెయ్యి కంపనాలు) అన్న మాట కూడా పాఠకులకు అర్థం కాదని తీసేశాడు. ఇప్పటి సంపాదకులకు కిలోహెర్ట్జ్ కావాలి, ధర కావాలి, బొమ్మ కావాలి, మనిషి మాత్రం ఇప్పటికీ అక్కర్లేదు. నీ వ్యాసం వాళ్లకు నచ్చుతుంది. నాకు నచ్చనిది అదే.

నాలుగో పేజీలో పాత శాంప్లర్లలో "ఏదో మాయ" ఉందన్నావు. ఆ మాట కొట్టేసి కారణం రాయి. ఈ-ము కంపెనీ ఎస్పీ 1200 వచ్చింది 1987లో. అది 12 బిట్ల యంత్రం, అంటే శబ్దం ఎత్తును కొలవడానికి 4,096 మెట్లు. సీడీకి ఆ మెట్లు 65,536. సెకనుకు సుమారు 26 వేల కొలతలు తీసుకుంటుంది కనుక 13 వేల హెర్ట్జ్ పైన ఉన్నదాన్ని సరిగ్గా పట్టలేదు. మొత్తం మెమరీ పది సెకన్లు. ఆ పది సెకన్లు చాలక అమెరికాలో హిప్-హాప్ కుర్రాళ్లు నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన గ్రామఫోన్ రికార్డును 45 చుట్ల వేగంతో తిప్పి ఎక్కించేవాళ్లు, తర్వాత యంత్రంలో శ్రుతి దించేవాళ్లు. అలా దించినప్పుడు అసలు శబ్దంలో లేని స్వరాలు పుట్టుకొచ్చి ఒక గరుకుదనం ఏర్పడింది. మెమరీ ఖరీదు వల్ల పుట్టిన శబ్దం అది. అందులో అందం ఉంది, నేనూ ఇష్టంగానే వింటాను. కానీ చిటికెన పుల్ల దెబ్బలోని పదును చాలావరకు పైస్థాయిలో ఉంటుంది, ఆ యంత్రంలో దాని అంచు తెగిపోతుంది. అక్కడి పాటకు నప్పిన గరుకుదనం మన డప్పుకు నప్పుతుందో లేదో నీ చెవితో తేల్చి రాయాలి. ఎవరో మాయ అన్నారని నువ్వూ అనకూడదు.

నువ్వు యంత్రం వైపు మొగ్గావు. డప్పు విషయంలో నేను దానికి ఒప్పుకోను. కాచిన తోలు బిగువు నిమిషాల్లో సడలుతుంది, శ్రుతి దిగుతుంది. మంట దగ్గరి దెబ్బ వేరు, చల్లారాక దెబ్బ వేరు, చేతి బరువును బట్టి మళ్లీ తేడా. ఒక్క దెబ్బనే యంత్రంలో పెట్టి వరసగా మోగిస్తే అన్నీ ఒకే ముద్రతో వస్తాయి, దరువు చచ్చిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో మెమరీకి కరువు లేదు. వేడి నుంచి చల్లదనం దాకా యాభై దెబ్బలు తీసుకుని, ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి మోగేలా అమర్చవచ్చు. ఇక వేలితో ప్యాడ్ మీట నొక్కాక శబ్దం ఆలస్యమవుతోందన్నావు. బఫర్ అంటే కంప్యూటర్ శబ్దాన్ని వినిపించే ముందు పోగుచేసుకునే ముక్క. దాన్ని 512 కొలతల దగ్గర ఉంచితే, సెకనుకు 44,100 కొలతల రేటులో ఒక్క బఫరే 11.6 మిల్లీసెకన్లు తింటుంది. 128కి దించు, 2.9 అవుతుంది. దానికోసం కొత్త పెట్టె కొనక్కర్లేదు. నువ్వు మెచ్చుకున్న ఆకాయి కంపెనీ నేటి ఎంపీసీ శాంప్లర్ పెట్టెల్లోనూ ఉన్నది కంప్యూటరే.

యంత్రానికి ఇవ్వాల్సిన గౌరవం ఒకటుంది. వేళ్ల కింద పదహారు ప్యాడ్లు ఉంటే మనిషి తెరను చూడటం మాని వింటాడు. 1988లో రోజర్ లిన్ రూపొందించిన ఎంపీసీ 60కి పేరొచ్చింది అందుకే. దాని స్వింగ్ కూడా ఆ గొప్పలో భాగమే, ప్రతి రెండో దెబ్బను కొద్దిగా ఆలస్యంగా మోగించే పద్ధతి అది. హిప్-హాప్ సంగీతకారుడు జె డిల్లా వాడిన ఎంపీసీ 3000ను వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్ల ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో భద్రపరిచారు. అలాంటి యంత్రాలు వేలకు వేలు తయారయ్యాయి. మ్యూజియంలోకి వెళ్లింది ఆయన వేళ్లు తాకినది.

సొరబుర్రలు బిగించిన తీగ వాద్యం కిన్నెర మీద నువ్వు రాసిన ముక్క మొత్తం తీసేసి మళ్లీ రాయి. ఒక్క స్వరం రికార్డు చేసి కీబోర్డు పొడవునా పరిచానని గర్వంగా చెప్పావు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య మీ పక్క నాగర్‌కర్నూల్ జిల్లావాడే, 2022లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆ పన్నెండు మెట్లూ అలంకారానికి పెట్టినవి కావు. ఒక స్వరాన్ని ఒక స్థాయి పైకి లాగితే అది రెండింతల వేగంతో నడుస్తుంది, మీటు సగం సమయంలో ముగుస్తుంది, సొరబుర్ర లోపలి ప్రతిధ్వని కూడా రెట్టింపు ఎత్తుకు పోతుంది. వినేవాడికి సొరబుర్ర గుప్పెడంత అయిపోయినట్టు ఉంటుంది. వేగం మారకుండా శ్రుతి మార్చే ఉపాయాలు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా, అంత దూరం లాగితే అవీ చెడగొడతాయి. మెట్టు మెట్టుకూ విడిగా రికార్డు చెయ్యి.

చట్టం సంగతి కూడా తెలుసుకుని రాయి. 1957 కాపీరైటు చట్టంలో ప్రదర్శకుల హక్కులు 1994 సవరణతో చేరాయి. తన ప్రదర్శనకు తన పేరు చెప్పమని అడిగే హక్కును 2012 సవరణ ఇచ్చింది. జానపద కళాకారుడికి ఈ మాట చేరవేసే బాధ్యత మనలాంటి రాసేవాళ్లది. స్టూడియోలవాళ్లు చెప్పరు.

కలం పేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకు పంపాలి, ఏ ప్యాడ్ కొనాలి అని అడిగావు. ముందు ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్లు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి ఆయన దెబ్బను ఆయనకే వినిపించు, రెండు పద్ధతుల్లోనూ. ఏది తన డప్పులా ఉందో, ఏది కాదో ఆయన చెప్పిన మాటలు చెప్పినట్టే రాసుకో. పాటలో వాడుకోవచ్చా అని అడుగు. ఒప్పుకుంటే ఎంత ఇస్తావో, పేరు ఎక్కడ వేస్తావో కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఆ తర్వాత వ్యాసాన్ని ఆయన పేరుతో మొదలుపెట్టి తిరగరాసి, దసరా లోపు నాకు పంపు. దాంతోపాటు పండుగ రాత్రి చేసిన అసలు రికార్డింగును ఏమీ కొయ్యకుండా పంపు. దెబ్బకు ముందు ఎవరైనా మాట్లాడుకుంటూ ఉంటే అది కూడా ఉండనీ.

నీ శ్రేయోభిలాషి