50 ఎం.ఎం. బోర్డు చాలదు, మినరల్ ఊల్ పెట్టించండి

మీరు అడిగింది ఇదీ: ప్రెస్టన్‌లో ఇంటి వెనక ఎక్స్‌టెన్షన్ కడుతున్నారు, కేవిటీ గోడలో, అంటే బయటి ఇటుక గోడకీ లోపలి బ్లాకు గోడకీ మధ్య వదిలే ఖాళీలో, చలి ఆపడానికి పీఐఆర్ బోర్డు (గట్టి ఫోమ్ పలక) పెట్టించాలా, మినరల్ ఊల్ (రాయి లేదా గాజు పీచుతో చేసే మెత్తటి సరుకు) పెట్టించాలా అని. 100 ఎం.ఎం. కేవిటీలో 50 ఎం.ఎం. బోర్డు వేస్తే సరిపోతుందని బిల్డర్ అంటున్నాడని కూడా రాశారు.

సరిపోదండీ. ఆ లెక్క పాతది. ఇంగ్లండ్‌లో ఎక్స్‌టెన్షన్ గోడకి యూ వాల్యూ (గోడలోంచి వేడి ఎంత బయటికి పోతుందో చెప్పే లెక్క, ఎంత తక్కువుంటే అంత మంచిది) 0.28 ఉంటే చాలన్న రోజుల్లో ఆ 50 ఎం.ఎం. బోర్డుతో పని జరిగిపోయేది. 2022 జూన్ నుంచి 0.18 ఉండాలి. మీ బిల్డర్ చెప్పే గోడకి 0.27 దాకా వస్తుందేమో, అంతే. చాలామంది మేస్త్రీలకి చేతికి అలవాటైన కొలత అది, అందుకే నోట్లోంచి అదే వస్తుంది. కొటేషన్‌లో ఇన్సులేషన్ గురించి ఏం రాశాడో ఒకసారి చూడండి. "రెగ్యులేషన్స్ ప్రకారం" అని ఒక్క ముక్క ఉంటుంది. ఏ సరుకు, ఎంత మందం, లోపలి గోడకి ఏ బ్లాకు, ఇవన్నీ రాసివ్వమని అడగండి. రాయనంటే ఇంకొకర్ని చూసుకోండి.

ఇక బోర్డా, ఊలా అంటే, నా ఓటు ఊల్‌కే. కాగితం మీద పీఐఆర్ బోర్డే గొప్పది, సందేహం లేదు. తక్కువ మందంలో ఎక్కువ చలి ఆపుతుంది. కానీ ఇల్లు కట్టేది కాగితం మీద కాదు, వానలో, సాయంత్రం నాలుగింటికే చీకటి పడే నవంబర్‌లో, ఎప్పుడు ఇంటికెళ్దామా అని చూసే మేస్త్రీ చేతుల్తో.

మాది రెడింగ్‌లో 1930ల నాటి సెమీ డిటాచ్డ్ ఇల్లు. ఆర్కిటెక్ట్ గీసిచ్చిన ప్లాన్‌లో 150 ఎం.ఎం. కేవిటీ, అందులో లోపలి బ్లాకు గోడకి ఆనించి 100 ఎం.ఎం. పీఐఆర్, మిగతా 50 ఖాళీ. లెక్క ప్రకారం చక్కగా ఉంది. గోడ నడుము ఎత్తుకి వచ్చిన రోజు పనివాళ్ళు వెళ్ళిపోయాక నేనూ మా ఆవిడా ఫోన్ లైటు వేసుకుని పైనుంచి కేవిటీలోకి చూశాం. బ్లాకుల మధ్య సందుల్లోంచి పొంగిన సిమెంటు మాలు అలాగే గట్టిపడిపోయి ఉంది, గీకి తీయలేదు. ఆ గడ్డల మీద బోర్డులు ఆనడంతో బ్లాకుకీ బోర్డుకీ మధ్య సందు. మా ఆవిడ లోపలికెళ్ళి పిల్లాడి స్టీలు స్కేలు తెచ్చి ఆ సందులో పెడితే నిలువునా మొత్తం దిగిపోయింది. బోర్డుకీ బోర్డుకీ మధ్య కూడా వేలు పట్టే సందులు, వాటికి టేపు లేదు. అడుగున, రెండు గోడల్నీ కలిపి పట్టే వాల్ టై మీద ఇంత మాలు ముద్ద పడి ఉంది. బయటి ఇటుక తడిస్తే ఆ ముద్ద మీదుగా చెమ్మ లోపలికి నడుచుకుంటూ వస్తుంది.

బోర్డు వెనక చల్లగాలి తిరుగుతుంటే ఆ బోర్డు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. స్వెటర్ వేసుకుని గుండీలు పెట్టుకోనట్టు. మర్నాడు పొద్దున్నే మేస్త్రీకి చూపిస్తే "అందరిళ్ళకీ ఇలాగే కడతాం, ఇన్‌స్పెక్టర్ ఏమీ అనడు" అన్నాడు. అసలు సంగతి ఏంటంటే బిల్డింగ్ కంట్రోల్ (కట్టడం నిబంధనల ప్రకారం ఉందో లేదో చూసేవాళ్ళు) ఇన్‌స్పెక్టర్ పునాదికి వస్తాడు, డీపీసీకి (నేల చెమ్మ గోడలోకి ఎక్కకుండా వేసే పొర) వస్తాడు, డ్రైనేజీకి, పైకప్పుకి వస్తాడు. ప్రతి బోర్డు పెట్టేటప్పుడూ పక్కన నిలబడడు. అది చూసుకోవాల్సింది మనమే.

రెండు వరసలు విప్పించి, బిల్డింగ్ కంట్రోల్‌కి చెప్పి, అదే 150 ఎం.ఎం. కేవిటీలో ఊల్ బ్యాట్స్ (పలకలుగా కోసిన ఊల్) నింపించాం. వాహకత (వేడిని దాటనిచ్చే గుణం, తక్కువుంటే మేలు) 0.032 ఉన్న రకం. లోపల తేలికపాటి ఎయిరేటెడ్ బ్లాకు కాబట్టి యూ వాల్యూ 0.17 దాకా వచ్చింది. అదే బరువైన కాంక్రీట్ బ్లాకు వేసుంటే 0.18 దాటిపోయేది, కాబట్టి బ్లాకు విషయం కూడా ముందే తేల్చుకోండి. ఊల్ మెత్తగా ఉంటుంది, చిన్న చిన్న గడ్డలుంటే వాటి చుట్టూ సర్దుకుంటుంది, పక్క బ్యాట్‌తో దగ్గరగా అతుక్కుంటుంది. ధర కూడా పీఐఆర్ కంటే తక్కువే. పైగా మండదు. ఇటుకకీ బ్లాకుకీ మధ్యలో బోర్డుకి నిప్పు ఎలా అంటుకుంటుందని బిల్డర్లు అంటారు, వాళ్ళు చెప్పేదీ నిజమే కావచ్చు. కానీ 2017లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడడం చూశాక నా పిల్లలు పడుకునే ఇంట్లో మండని సరుకే ఉండాలని గట్టిగా అనుకున్నాను.

ఊల్ తడిసి ముద్దైపోతుందని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో భయపెడతారు. కేవిటీకని చేసే బ్యాట్స్‌కి నీళ్ళు అంటకుండా ముందే ట్రీట్‌మెంట్ చేస్తారు. అయితే మీ ప్రెస్టన్ ఉన్నది లాంకషైర్‌లో, పడమటి గాలితో వాన గోడకి అడ్డంగా కొట్టే వైపు. అందుకని మీరు తీసుకునే బ్యాట్ సర్టిఫికెట్‌లో మీ ప్రాంతపు వానకి పనికొస్తుందని ఉందో లేదో చూడండి. ఇటుకల సందులు లోపలికి నొక్కి వదిలేయకుండా బకెట్ హ్యాండిల్ ఫినిష్ (సందులోని మాలుని గట్టిగా రుద్ది కొద్దిపాటి లోగుంటగా నునుపు చేయడం) చేయమనండి. పని ఆపిన ప్రతి సాయంత్రం గోడ పైభాగం కప్పి వెళ్ళమనండి.

నాకు బాధనిపించే విషయం ఇంకోటుంది. మనవాళ్ళు బైఫోల్డ్ డోర్లకీ, క్వార్ట్జ్ కౌంటర్‌టాప్‌కీ వేల పౌండ్లు పెడతారు, షోరూముల చుట్టూ వారాల తరబడి తిరుగుతారు. గోడ లోపల ఏముందో ఒక్కసారి కూడా తొంగి చూడరు. కౌంటర్‌టాప్ పదేళ్ళకి మార్చుకోవచ్చు. గోడ మూసేశాక మళ్ళీ తెరవగలరా?

ఇంకో ముఖ్యమైన మాట, మీరు అడగకపోయినా చెప్తున్నా. ఎక్స్‌టెన్షన్ కప్పు పాత ఇంటి గోడని కలిసే చోట కేవిటీ ట్రే (గోడలో దిగే నీటిని బయటికి మళ్ళించే పొర) వేయించండి. ఇన్నాళ్ళూ బయటి గోడగా ఉన్నది అక్కడినుంచి కింద గది లోపలి గోడ అయిపోతుంది. పైన ఇటుకలోంచి దిగిన నీరు ట్రే లేకపోతే తిన్నగా మీ కొత్త వంటగదిలోకే దిగుతుంది. మా బావగారింట్లో సరిగ్గా ఇదే జరిగింది. సీలింగ్ పక్కన మరక చూసి అందరూ ఇన్సులేషన్‌నే తిట్టారు, తీరా ఇటుకలు తీసి చూస్తే ట్రేనే లేదు. పాత గోడలో వేయాలి కాబట్టి కొన్ని కొన్ని ఇటుకలు తీస్తూ వేయాలి, విసుగు పని, అందుకే ఎగ్గొడతారు. అది వేసే రోజు మీరు సెలవు పెట్టైనా ఇంట్లో ఉండండి, మూసేలోపు ఫోటోలు తీసుకోండి.