గంటన్నర విమానానికి సీటు కొనాలా?

ప్రశ్న: మాది విశాఖ మధురవాడ. ఆఫీసు హైదరాబాద్‌లో. నెలకు రెండుసార్లు విమానంలో వెళ్లొస్తాను, ఖర్చు నాదే. నచ్చిన సీటు కోసం వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ సగటున 350 రూపాయల చొప్పున కడుతున్నాను. జనవరిలో బెంగళూరులో చెల్లి గృహప్రవేశానికి ఐదుగురం వెళ్లాలి: నేను, నా భార్య, తొమ్మిదేళ్ల పాప, అమ్మ, కుడి మోకాలికి ఆపరేషన్ అయిన నాన్న. రానూపోనూ సీట్లకే 4,150 చూపిస్తోంది. కట్టకపోతే తలోచోట కూర్చోబెడతారేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంకోపక్క అమ్మానాన్నల ఆరోగ్య బీమాకు సూపర్ టాప్-అప్ (ఒక పరిమితి దాటిన ఆసుపత్రి ఖర్చులకు అదనపు పాలసీ) తీసుకుందామంటే ఏడాదికి 14 వేలు అంటున్నారు, వాయిదా వేస్తూ వస్తున్నాను. అసలు ఏ సీటుకు డబ్బు పెట్టొచ్చు?

జవాబు: ముందు మీ 350 సంగతి చూద్దాం. నెలకు నాలుగు ప్రయాణాల చొప్పున ఏడాదికి 48. అంటే ఒక్క సీట్లకే 16,800 రూపాయలు. భారమని మీరు పక్కన పెట్టిన బీమా ప్రీమియం ఇంతకంటే తక్కువ.

సీటు టికెట్ ధరలోనే ఉంది. పైన కట్టేది ఎంచుకున్నందుకు మాత్రమే. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం కూడా సీటు ఎంపిక అనేది ప్రయాణికుడు తనకై తాను కావాలంటేనే అమ్మాల్సిన సేవ. బుకింగ్ మధ్యలో ప్రతి సీటు మీదా ధర కనిపించేసరికి కట్టక తప్పదని చాలామంది అనుకుంటారు. ఆ పేజీని దాటేసి ముందుకు వెళ్లిపోవచ్చు. వెబ్ చెక్-ఇన్ సాధారణంగా 48 గంటల ముందు మొదలవుతుంది. అప్పుడు డబ్బు కట్టకుండానే ఏదో ఒక సీటు ఇస్తారు. అది మధ్య సీటు కావచ్చు, వెనక వరుస కావచ్చు.

హైదరాబాద్ ప్రయాణానికి అది చాలదా? విమాన ప్రయాణం సుమారు గంటంపావు. విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ సీటు నిటారుగానే ఉంచాలి. ఇక వెనక్కి వాలి కూర్చునేది అరగంటో, ముప్పావుగంటో. ముందు వరుసలకు ధర ఎక్కువ పెట్టేది తొందరగా దిగొచ్చన్న ఆశ మీద. పెట్టె లగేజీలో వేసినవాళ్లు ముందు దిగినా బెల్టు దగ్గర అందరితోపాటు ఎదురుచూడాల్సిందే. మీరు భుజాన బ్యాగుతోనే వెళ్తారనుకున్నా, మిగిలే ఐదు పది నిమిషాలు శంషాబాద్ నుంచి ఆఫీసుకు వెళ్లే ట్రాఫిక్‌లో కరిగిపోతాయి. విమానం దూరంగా ఆగి రెండు తలుపులకూ మెట్లు వేస్తే వెనకవాళ్లు కూడా అంతే తొందరగా దిగుతారు, ఆ తర్వాత ఎక్కేది అందరూ అదే బస్సు.

బుక్ చేసేటప్పుడు విమానం రకం రాసి ఉంటుంది, అది తప్పకుండా చూడండి. ఏటీఆర్ (ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానం) అయితే వరుసకు నాలుగే సీట్లు, ఎక్కేదీ దిగేదీ వెనక తలుపు నుంచి. అందులో ముందు సీటు కొన్నవాళ్లు ఆఖరున దిగుతారు. రెక్కల దగ్గర ప్రొపెల్లర్ల మోత కూడా ఎక్కువే. వాయుగుండాల రోజుల్లో కుదుపులంటే భయం ఉంటే, ఏ విమానంలోనైనా రెక్కల దగ్గర కూర్చోవడం నయం. తోక దగ్గర ఊపు ఎక్కువగా తెలుస్తుంది.

అయితే మొత్తం మానేయమని నేను చెప్పను. రోజంతా పనిచేసి రాత్రి ఇంటికొచ్చే మనిషికి నడవ పక్కన, అంటే ఐల్ సీటు, ఒక సుఖం. తిరుగు ప్రయాణానికి 350 కట్టండి, పొద్దున వెళ్లేటప్పుడు మానండి. 8,400 మిగులుతుంది. ఆ కట్టేది కూడా వెబ్ చెక్-ఇన్ అప్పుడే కట్టండి. ఆఫీసు పనుల్లో తేదీలు మారుతుంటాయి, టికెట్ మీరే రద్దు చేసుకుంటే సీటు డబ్బులు సాధారణంగా తిరిగి రావు. ప్రయాణ ఖర్చు ఇవ్వడం కుదరదన్న కంపెనీలు కూడా కొన్నిసార్లు అందులో కొంత ఇవ్వడానికి ఒప్పుకుంటాయి. మీ హెచ్‌ఆర్‌ను ఒక్కసారి రాతపూర్వకంగా అడగండి.

ఇప్పుడు బెంగళూరు. ఇక్కడ ఒక మనిషికి సీటు నిజంగా అవసరం, ఆయన మీ నాన్నగారు. మోకాలి నొప్పి ఉందని చాలామంది కాళ్లు చాపుకోవడానికి ఎమర్జెన్సీ ఎగ్జిట్ వరుస కొంటారు. ఆ పని చేయకండి. అవసరమైతే తలుపు తెరిచి సాయపడగలిగేవాళ్లనే అక్కడ కూర్చోనిస్తారు. ఆపరేషన్ అయిన పెద్దాయన్ను సిబ్బంది వేరే చోటికి పంపుతారు. మొదటి వరుస కూడా అనుకున్నంత సుఖం కాదు. ఎదురుగా గోడ ఉంటుంది, ముందు సీటు కిందకు పాదం జరుపుకోవడానికి వీలుండదు.

ఆయనకు కావాల్సింది, ముందు భాగంలో మామూలు వరుసలో ‘సి’ సీటు. మూడు మూడు సీట్ల విమానంలో ‘సి’కి నడవ కుడివైపు ఉంటుంది. కుడి మోకాలిని మధ్య మధ్యలో నడవలోకి చాపుకోవచ్చు, ట్రాలీ వచ్చినప్పుడు లాక్కుంటే చాలు. అదే ఎడమ మోకాలైతే ‘డి’ చెప్పేదాన్ని. పక్కన ‘బి’లో అమ్మగారు. మీరు పంపిన ధరల్లో ఈ రెండూ కలిపి 750, రానూపోనూ 1,500. ఇది ఖర్చు అనుకోకుండా కట్టండి. నాన్నగారు ఎక్కువ దూరం నడవలేకపోతే వీల్‌చైర్ సాయం టికెట్ తీసుకునేటప్పుడే అడగండి, ఆలస్యమైనా 48 గంటల ముందు చెప్పాలి.

పాప గురించి భయం అక్కర్లేదు. 12 ఏళ్లలోపు పిల్లలకు, అదే పీఎన్‌ఆర్‌లో ఉన్న తల్లిదండ్రుల్లో లేదా సంరక్షకుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో విమాన సంస్థలను ఆదేశించింది. అయినా వెళ్లేటప్పుడు ఒక్కసారికి ‘ఎ’ కిటికీ సీటు 350 పెట్టి కొనమంటాను. విశాఖ నుంచి బెంగళూరు వెళ్తుంటే తీరం ఎడమవైపు ఉంటుంది. మబ్బు లేకపోతే నాయనమ్మ, తాతయ్యల పక్కన కూర్చుని గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసే చోట్లు చూడొచ్చు. ఈ డబ్బు దండగని నేను ఎప్పటికీ అనను. మీ దంపతులు ఎక్కడ సీటు వస్తే అక్కడ కూర్చోండి. మొత్తం ఖర్చు 1,850, మిగిలేది 2,300.

ఇంతకంటే పెద్ద తేడా టికెట్ దగ్గర రావచ్చు. ఐదుగురికి కలిపి వెతికినప్పుడు తక్కువ ధరలో మూడే టికెట్లు మిగిలి ఉంటే, చాలాసార్లు ఐదుగురికీ ఎక్కువ ధరే పడుతుంది. ముగ్గురికి, ఇద్దరికి విడిగా వెతికి చూడండి. విడగొట్టాల్సి వస్తే మీ ఇద్దరూ పాపా ఒక పీఎన్‌ఆర్, అమ్మానాన్నలు ఒకటి. అప్పుడు పాపను మీలో ఒకరి పక్కనే ఉంచి, ‘ఎ’ సీటు కోరిక మానుకోవాలి.

8,400, 2,300 కలిపితే 10,700. టాప్-అప్ ప్రీమియంలో మూడొంతులు ఇక్కడే వచ్చింది. మీకు చెప్పిన 14 వేలు పాత లెక్కేమో కూడా చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు. జనవరి ప్రయాణం అయ్యాక చూద్దామని ఆగకండి. ముందు నుంచీ ఉన్న జబ్బులకు కంపెనీలు గరిష్ఠంగా మూడేళ్ల వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుల ఖర్చు ఇవ్వని గడువు) పెట్టొచ్చు, ఆ మూడేళ్లు పాలసీ తీసుకున్న రోజు నుంచే మొదలవుతాయి. దరఖాస్తులో నాన్నగారి మోకాలి ఆపరేషన్, బీపీ, షుగర్ ఏమున్నా దాచకుండా రాయండి, డిశ్చార్జి సమ్మరీ కాపీ జత చేయండి.