కట్ట పూర్తయ్యాకే తలెత్తు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోనులో "పొద్దున పదింటి నుంచీ అష్టావధానమే పెదనాన్నా" అని నువ్వు నవ్వుతూ అన్న మాట నాలుగు రోజులుగా నన్ను వదలలేదు. ఒక పక్క మీ బ్యాంకులో ఇతరులు ఎంట్రీ వేసిన వోచర్లు సరిచూసి ఆథరైజ్ చేస్తూ, మరో పక్క ప్రాంతీయ కార్యాలయం వారి వాట్సాప్ గ్రూపుకు ఆ రోజు ఎన్ని బీమా పాలసీలు కట్టించారో లెక్క పంపుతూ, మధ్యలో పింఛను కోసం వచ్చిన పెద్దాయనకు లైఫ్ సర్టిఫికెట్ సంగతి వివరిస్తూ ఉండటాన్ని నువ్వు సామర్థ్యంగా చెప్పుకున్నావు. ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేసి, అందులో తొలి పదేళ్లు క్యాష్ కౌంటరులోనే గడిపిన నాకు మాత్రం అది ప్రమాదంగా వినబడింది. ఆ మాట అప్పుడే అంటే నీ ఉత్సాహం మీద నీళ్లు చల్లినట్టవుతుందని ఊరుకుని, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ముందు అష్టావధానం సంగతి చెబుతాను. చిన్నప్పుడు మీ తాతగారు నన్ను అవధాన సభలకు తీసుకువెళ్లేవారు. అవధాని ఎనిమిది పనులూ ఒకేసారి చేస్తాడని వినడమే తప్ప చూడనివాళ్లు అనుకుంటారు. దగ్గర కూర్చుని చూస్తే, ఏ క్షణంలోనైనా ఆయన ఒక్క పృచ్ఛకుడితోనే, అంటే ప్రశ్న అడిగే ఒక్కరితోనే ఉంటాడు. సమస్య ఇచ్చినవారికి ఒక పాదం చెప్పి, అక్కడ ఆపి, దత్తపది వారి, అంటే తామిచ్చిన పదాలతో పద్యం చెప్పమన్నవారి వైపు తిరుగుతాడు. వారికీ ఒక పాదం చెప్పాకే వర్ణన అడిగినవారి దగ్గరకు వెళతాడు. అలా నాలుగు ఆవృత్తాలు తిరిగేసరికి పద్యాలన్నీ పూర్తవుతాయి, చివర ధారణలో వాటినన్నిటినీ అప్పజెబుతాడు. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన ఎప్పుడు పడితే అప్పుడు అడ్డు తగులుతాడు గాని, అవధాని ఒక చమత్కారంతో ఆయన నోరు మూయించి, వదిలిన అక్షరం దగ్గరకే తిరిగి వస్తాడు. నీ వాట్సాప్ గ్రూపు అచ్చంగా ఆ అప్రస్తుత ప్రసంగమే. అయితే అవధానికి ఏళ్ల తరబడి సాధన చేసిన ధారణ ఉంది, మనకు లేదు. మన ధారణ అంతా పెన్సిలూ కాగితమూనే. ఈ సంగతి నేను తొమ్మిది వందల రూపాయలు కట్టి నేర్చుకున్నాను.

అది 1987. గోదావరి జిల్లాలోని ఒక చిన్న శాఖలో క్యాషియరుగా ఉన్నాను. ధాన్యం సొమ్ములు చేతికొచ్చే రోజులు కావడంతో కౌంటరు ముందు రైతులు కిక్కిరిసి ఉన్నారు. ఒకాయన చెక్కుకు నాలుగు వేల అయిదు వందలు, అంటే నలభై అయిదు వంద నోట్లు లెక్కపెడుతున్నాను. ఇంతలో ట్రంక్ కాల్ వచ్చిందనీ, స్టేట్‌మెంటులో ఏదో అంకె అడుగుతున్నారనీ మేనేజరు గారు క్యాబిన్‌లోంచి కేకేశారు. లైను తెగిపోతుందన్న కంగారులో, నోట్లు చేతిలోనే పట్టుకుని అటు తిరిగి జవాబు చెప్పి, మళ్లీ లెక్కలో పడ్డాను. సాయంత్రం క్యాష్ టాలీ చేస్తే తొమ్మిది వందలు తక్కువ వచ్చింది. మా హెడ్ క్యాషియరు గారు ఒక్క నిమిషం ఆలోచించి, "తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా పోతోంది, ఎక్కడో అంకెలు తిరగబడ్డాయి చూడు" అన్నారు. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. పాత బ్యాంకు ఉద్యోగులందరికీ ఈ కిటుకు తెలుసు. తొమ్మిది వందల్లో తొమ్మిదులు వంద కనుక, వేల స్థానంలోని అంకెకూ వందల స్థానంలోని అంకెకూ ఒకటి తేడా ఉన్న మొత్తాల కోసం స్క్రోలు, అంటే ఆ రోజు చెల్లింపుల పట్టీ వెతికితే ఆ 4,500 చెక్కు దొరికింది. దాన్ని వెనక్కి తిప్పి చూస్తే నోట్ల వివరం రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. నలభై అయిదు ఇవ్వాల్సిన చోట యాభై నాలుగు ఇచ్చేశానన్నమాట. మర్నాడు సైకిలు మీద ఆ చెక్కు తెచ్చిన రైతు ఊరు వెళ్లి అడిగితే, తాను లెక్కపెట్టుకోలేదనీ, ఎంత వచ్చిందో తెలియదనీ చెప్పాడు. ఆ సొమ్ము నేనే కట్టుకున్నాను.

నా తప్పు కనీసం సాయంత్రానికి బయటపడింది. నీ తప్పు అలా బయటపడదు. ఖాతా నంబరులో రెండంకెలు తారుమారై, ఆ నంబరుతో ఇంకొకరి ఖాతా ఉండి సొమ్ము అక్కడ జమైతే, రోజు ముగిసేసరికి లెక్కలన్నీ చక్కగా సరిపోతాయి. పది రోజుల తర్వాత ఖాతాదారుడు వచ్చి అడిగితే తప్ప తెలియదు. ఒకరు ఎంట్రీ వేసి మరొకరు ఆథరైజ్ చేసే పద్ధతి పెట్టింది ఇందుకోసమే. ఆ రెండో కన్ను వాట్సాప్ మీద ఉంటే ఇద్దరు చేయాల్సిన పని ఒక్కరే చేసినట్టు లెక్క.

ఆటంకాలు రాకుండా చూసుకోమని నేను చెప్పను, బ్యాంకు కౌంటరులో అది జరిగే పని కాదు. ఆటంకం వచ్చినప్పుడు ఎక్కడ ఆగాలన్నది మాత్రం నీ చేతిలోనే ఉంది. కట్ట లెక్కపెడుతుంటే కట్ట పూర్తయ్యాకే తలెత్తు. వోచరు చూస్తుంటే ఆ వోచరును ఆథరైజ్ చేయడమో, తిప్పి పంపడమో అయ్యాకే తలెత్తు. ఎదుటివారి ముఖం చూసి "ఒక్క నిమిషం అండీ" అంటే ఎవరూ కోపగించుకోరు. ముఖం చూడకుండా సగం సగం జవాబులు చెబితేనే వారికి చిర్రెత్తుతుంది. నిజంగా ఆగలేని పరిస్థితి వస్తే, ఎక్కడ ఆపావో, తిరిగి వచ్చాక ముందు ఏం చేయాలో ఒక్క ముక్క రాసిపెట్టి లే. అసంపూర్తిగా వదిలిన పని తాలూకు ఆలోచన మనసులో కొంత మిగిలిపోయి, తర్వాతి పనిని దెబ్బతీస్తుందని సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. మన భాషలో చెప్పాలంటే అది క్యారీ ఫార్వర్డ్ అయిన నిల్వ. ఎక్కడ ఆపామో, మళ్లీ ఎలా మొదలుపెట్టాలో రాసిపెట్టుకుంటే ఆ నిల్వ తగ్గుతుందని 2018లో ఆమె, థెరెసా గ్లోంబ్ కలిసి ప్రచురించిన పరిశోధన చెబుతోంది. చెక్కు వెనక నోట్ల వివరం రాయమని మా హెడ్ క్యాషియరు గారు పోరింది వేరే కారణానికైనా, ఫలితం ఇదే.

వాట్సాప్ అంకెల సంగతి మీ మేనేజరుతో నేరుగా మాట్లాడు. "సార్, రెండింటికి ఒకసారి, అయిదింటికి ఒకసారి తప్పకుండా ఇస్తాను" అని సమయం చెప్పి అడిగితే, కాదనే మేనేజరు అరుదు. ఆ రెండు వేళలు తప్ప మిగతా సమయమంతా ఫోను సొరుగులో పెట్టు. క్యాబిన్‌లోంచి కేకేసే మేనేజర్లను ఇన్నాళ్లూ తిట్టుకున్నవాణ్ణి, నేనూ మేనేజరునయ్యాక మూడేళ్ల పాటు అలాగే కేకేశాను. ఒకనాడు కౌంటరులోని కుర్రవాడు నోట్లు కింద పెట్టి మొదటి నుంచి లెక్కపెట్టడం చూశాకే లేచి వెళ్లి, కట్ట పూర్తయ్యే వరకు పక్కన నిలబడటం అలవాటు చేసుకున్నాను. శాఖల్లో మనుషులు చాలక ఒక్కరి మీదే నాలుగు పనులు పడుతున్న మాట నిజమే, అది నీ తప్పు కాదు. అలాగని ప్రతి పనికీ ఇంత నిష్ఠ అక్కరలేదు. కవర్లు అంటిస్తూనో, స్టాంపులు వేస్తూనో కబుర్లు చెప్పుకోవచ్చు. అంకె ఉన్న చోట మాత్రం వద్దు.

ఈ నెలాఖరు గడిచాక తీరిక చూసుకుని ఫోను చెయ్యి. ఈలోగా నేనే చేసినా, బల్ల మీద వోచరు ఉంటే తీయకు; సాయంత్రం మళ్లీ చేస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న