వరద దిగిన ఇల్లు, విశ్వాసుల ఇల్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: వందనాలయ్యగారూ. మాది పెన్నా పొర్లుకట్టకు దగ్గరున్న పల్లె. మొన్నటి వానలకు ఇంట్లోకి నడుంలోతు నీళ్లొచ్చి ఒకటిన్నర రోజు నిలబడినాయి. మనుషులం బతికినాం. అయితే గృహ ప్రార్థనకు వచ్చిన ఒక పెద్దాయన "మీ ఇంట్లో ఏదో ఒప్పుకోని పాపం ఉంది, అందుకే దేవుడు నీళ్లు పంపినాడు" అన్నాడు. అప్పట్నుంచి మా అత్తమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు. పైగా మా మామగారు పెళ్లిళ్లు, పుట్టిన తేదీలు రాసిపెట్టిన ఇంటి బైబిల్ తడిసి ముద్దయింది. దాన్ని ఎట్లా కాపాడుకోవాల?
– ఒక సోదరి, కోవూరు మండలం

జవాబు: అమ్మా, ముందు అత్తమ్మగారి సంగతి. ఆ పెద్దాయన మాటకు యేసుప్రభువే జవాబు చెప్పి ఉన్నాడు. లూకా సువార్త 13వ అధ్యాయం తీసి ఆమెకు చదివి వినిపించండి. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో మిగతా అందరికంటే పాపాత్ములనుకుంటున్నారా అని ప్రభువు అడిగి, కాదని తానే చెప్పాడు. మారుమనస్సు మాట ఆ వెంటనే వస్తుంది, కానీ అది వింటున్న వాళ్లందరికీ చెప్పిన మాట, చనిపోయినవాళ్ల మీద మోపిన నేరం కాదు. బండమీద కట్టిన ఇంటి ఉపమానం కూడా ఇలాంటప్పుడు తప్పుగా వాడుతుంటారు. మత్తయి 7వ అధ్యాయంలో వానా వరదా బండమీది ఇల్లు, ఇసుకమీది ఇల్లు రెండిటి మీదికీ వచ్చాయి. బండమీది ఇంటికి వరద రాలేదని అక్కడ ఎక్కడా లేదు.

పెన్నా నీళ్లు ఇళ్లలోకి ఎందుకొస్తాయో కూడా ఆమెకు చెప్పండి. గతంలో వచ్చిన పెద్ద వరదే చూడండి. 2021 నవంబరులో ఎగువ కడప జిల్లాలో కుండపోత వాన పడింది, చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లన్నీ పెన్నాలో కలిసి సోమశిలకు చేరాయి. జలాశయం పట్టలేనిది కిందికి వదలక తప్పలేదు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్టే కోసుకుపోయింది. ఆ దారిలో ఉన్న గుడి, మసీదు, చర్చి అన్నిట్లోకీ నీళ్లొచ్చాయి. నదికి ఎవరి పాపం లెక్కా తెలియదు.

ఆమెకు ధైర్యం చెప్పాలని తొందరపడి పెద్ద పెద్ద వాగ్దానాలు ఎత్తకండి. ముందు 69వ కీర్తన చదవండి: "దేవా, జలములు నా ప్రాణముమీద పొర్లుచున్నవి నన్ను రక్షింపుము." తన బాధ బైబిల్లోనే ఉందని వింటే మనసు కుదుటపడుతుంది. జలాల్లో దాటేటప్పుడు తోడుంటానని దేవుడు చెప్పిన యెషయా 43 తర్వాత చదవొచ్చు. పెద్దాయనతో వాదన మీరు పెట్టుకోవద్దు, పాస్టరుగారికి చెప్పండి. ఆయనే వెళ్లి మాట్లాడాలి.

ఇక బైబిల్. బైబిల్ కాగితం పల్చన, తడిసినప్పుడు తెరిస్తే చిరిగిపోతుంది. అందుకే మొదట తెరవొద్దు. పేర్లు రాసిన పేజీలు ముందో వెనకో అట్ట దగ్గరే ఉంటాయి, వాటిని మాత్రం నెమ్మదిగా లేపి ఫోనుతో ఫొటో తీసుకోండి. సిరా కారుతుంటే ఆ పేజీని నీళ్లలో పెట్టకూడదు, తెల్లటి నూలుగుడ్డతో అద్దండి, రుద్దొద్దు. సిరా కారకపోతే పుస్తకం గట్టిగా మూసి పట్టుకుని, శుభ్రమైన నీళ్ల బకెట్లో ముంచి పైనున్న ఒండ్రు కడిగేయండి. తర్వాత నిలువుగా నిలబెట్టి, ఇరవై ముప్ఫై పేజీలకు ఒకటి చొప్పున అచ్చులేని తెల్ల కాగితం పెట్టి, ఫ్యాను గాలికి ఉంచండి. న్యూస్‌పేపర్ పెడితే దాని నల్లరంగు అంటుకుంటుంది. రెండు మూడు గంటలకొకసారి కాగితాలు మార్చాలి. ఎండలో పెడితే పేజీలు వంకర్లు పోతాయి, అట్ట విరుగుతుంది. కాస్త చెమ్మ మిగిలి ఉండగా మూసి, పైన బరువు పెడితే చదునుగా ఆరుతుంది.

రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. అంత తీరిక లేకపోతే ప్లాస్టిక్ కవర్లో చుట్టి, కరెంటున్న బంధువుల ఇంట్లో ఫ్రిజ్ పైగదిలో, మంచు గడ్డకట్టే చోట పెట్టించండి. అక్కడ బూజు ఆగుతుంది, తీరిగ్గా తీసి ఆరబెట్టుకోవచ్చు. చర్చి బాప్తిస్మ రిజిస్టరు, వివాహ రిజిస్టరు తడిసినా ఇదే పద్ధతి. ఫొటోలైతే ఒకదానికొకటి అంటుకుని ఎండిపోకముందే మంచినీళ్లలో విడదీసి, బొమ్మ పైకి ఉండేలా ఆరబెట్టండి.

ప్రశ్న: నీళ్లు దిగినాయి. ఇల్లు కడగడానికి సంఘంలో యౌవనస్థులు పదిమంది వస్తామంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? గోడలకు వెంటనే రంగు వేయించుకుంటే మంచిదంటున్నారు, నిజమేనా?
– ఒంగోలు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మొదట ఎవరూ లోపలికి పోకూడదు. మీటరు బోర్డు దాకా నీళ్లొచ్చి ఉంటే మెయిన్ స్విచ్ మీరు ముట్టుకోవద్దు. లైన్‌మన్‌కు గానీ 1912కు గానీ చెప్పి బయటే సరఫరా తీయించండి. బోర్డు తడవకపోతే పొడి చెప్పులతో, పొడి చెక్కమీద నిలబడి మెయిన్ తీసేయండి. ఇన్వర్టరుంటే దాని బ్యాటరీ వైర్లు కూడా విప్పాలి. మెయిన్ తీశాం కదా అనుకుంటారు, ఇన్వర్టరు నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది. మునిగిన మోటారును ఆన్ చేసి చూడటం పెద్ద పొరపాటు, వైండింగు అక్కడికక్కడే కాలుతుంది. మెకానిక్ దాన్ని విప్పి ఆరబెట్టి, మెగ్గరు (వైండింగు ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టి చూసి, కనీసం ఒక మెగాఓమ్ చూపిస్తేనే నడపాలి. మునిగిన గ్యాస్ సిలిండర్ రెగ్యులేటరు మళ్లీ బిగించొద్దు, ఏజెన్సీలో మార్పించండి. గ్యాసు వాసన వస్తే 1906.

మట్టి గోడల ఇల్లయితే ఇంకో ప్రమాదం ఉంది. నీళ్లున్నప్పుడు నిలబడిన గోడ, నీళ్లు తీసిన రెండు మూడు రోజులకు కూలుతుంది. అడుగున నాని మెత్తబడి, పక్కన ఒత్తిపట్టిన నీళ్లూ పోవడం వల్ల. ఆ ఇంట్లో వారం రోజులు ఎవరినీ పడుకోనివ్వొద్దు.

ఏదీ కదపకముందే ప్రతి గదీ, గోడమీది నీటి చారా ఫొటో తీయండి. బురద ఎండకముందే తీసేయాలి, ఎండితే ఒండ్రు సిమెంటులా పట్టుకుంటుంది. పారతో ఎత్తాకే నీళ్లు కొట్టండి, ముందే కొడితే కాలువ పూడుతుంది. చేతికి గ్లౌజులు, కాళ్లకు బూట్లు ఉండాలి. బీరువా కింద, కట్టెల్లో పాములు చేరి ఉంటాయి, చెయ్యి పెట్టకముందే కర్రతో కదిలించండి. పుండ్లున్నవాళ్లు బురదలో దిగొద్దు. గీసుకుంటే టీటీ ఇంజక్షన్ వేయించాలి. వారం పది రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పి వస్తే బురదలో పనిచేశామని డాక్టరుకు తప్పక చెప్పాలి. ఎలుక జ్వరం అనుమానం డాక్టరుకు ఆ మాటతోనే వస్తుంది.

నేల కడగడానికి పది లీటర్ల నీళ్లకు 150 గ్రాముల బ్లీచింగ్ పౌడర్. పొడిని కొద్ది నీళ్లలో కలిపి, అడుగుకు దిగాక పైతేట వాడండి. ఘాటు వాసన లేని పౌడర్ పాతబడిపోయినట్టే, పనిచేయదు. బాత్రూం యాసిడ్‌తో కలిపితే విషవాయువు పుడుతుంది, ఒకే పూట రెండూ వాడొద్దు. వెయ్యి లీటర్ల ట్యాంకులోకి వరదనీళ్లు పోయి ఉంటే లోపల రుద్ది కడిగి, నిండా పట్టి, 150 గ్రాముల పౌడర్ తేట కలిపి రాత్రంతా ఉంచండి. కుళాయిలన్నీ ఒకసారి తిప్పి పైపుల్లోకీ పోనివ్వాలి. పొద్దున ఆ నీళ్లు పారబోసి మళ్లీ పట్టుకోవాలి. తాగడానికైతే గుడ్డతో వడకట్టి, తెర్లేదాకా కాచడమే మేలు.

బియ్యం, పిండి, పప్పులు, గుడ్డకట్టిన ఆవకాయ జాడీ – వరదనీరు తాకితే పారేయాల్సిందే. ఎండబెడితే మట్టి పోతుంది గానీ మురుగు పోదు. దూది పరుపులు కూడా అంతే.

రంగు సంగతి: వద్దు. ఇటుక గోడ నీటి చారకు పైన కూడా ఒకటి రెండడుగులు చెమ్మ పీలుస్తుంది, ఆరడానికి వారాలు పడుతుంది. తడిమీద ఎనామిల్, డిస్టెంపర్ వేస్తే లోపలి ఉప్పు పైకి తన్ని పొరలుగా ఊడుతుంది. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితం గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి, రెండు రోజుల తర్వాత చూడండి. లోపల నీటి చుక్కలుంటే ఆరలేదని అర్థం. ఆరేదాకా కిటికీలు తెరిచి, బీరువాలు గోడకు అడుగు దూరం జరపండి. ముందు సున్నం కొట్టుకుంటే గోడ ఊపిరి తీసుకుంటుంది. ఉబ్బిన తలుపులను ఇప్పుడే చిత్రిక పట్టించొద్దు, ఆరాక సందులు పడతాయి.

ప్రశ్న: మా సంఘంలో కొన్ని కుటుంబాలు మునిగినాయి. కానుకలు, పాత బట్టలు బాగా వస్తున్నాయి. ఆదివారం ఆరాధనలో పిలిచి ఇస్తే సాక్ష్యంగా ఉంటుందని కొందరు, వద్దని కొందరు. ఎట్లా పంచాలి?
– సంఘ పెద్ద, సింగరాయకొండ

జవాబు: వేదిక మీద వద్దు, ఫొటోలు అసలే వద్దు. నిన్నటిదాకా కానుక పెట్టెలో వేసిన చెయ్యి అది. ఇంటికి వెళ్లి, కవర్లో పెట్టి ఇవ్వండి. అందరికీ ఒకే రకం కవరు.

మొదటి మూడు రోజులు బియ్యం మూటలు ఇవ్వడంలో అర్థం లేదు, పొయ్యి ఉండదు. వండిన అన్నం పంపండి. సాంబారన్నం ఈ ఉక్కలో మధ్యాహ్నానికే పులుస్తుంది, పులిహోర, చపాతీ నిలుస్తాయి. నాలుగో రోజు నుంచి నలుగురున్న ఇంటికి వారానికి పది కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటరు నూనె, ఉప్పు, కారం, చింతపండు, ఉల్లిగడ్డలు. వీటితోపాటు మూతున్న బకెట్, అరకిలో బ్లీచింగ్, దోమతెర, చాప, రెండు దుప్పట్లు. శానిటరీ ప్యాడ్లు, లోదుస్తులు ఎవరూ నోరు తెరిచి అడగరు, స్త్రీల సమాజం వాళ్లు కొత్తవి కొని ఇవ్వాలి. పాత బట్టలు ఇక చాలని ఈ ఆదివారమే ప్రకటించండి, చర్చి వరండాలో గుట్టపడి బూజుపట్టేవి అవే. షుగరు, బీపీ మందులు పోయినవాళ్ల జాబితా వేరే రాయండి.

వచ్చిన డబ్బులో సగం మూడో వారం దాకా ముట్టుకోవద్దు. ఇది చాలా సంఘాలు చేయవు. మొదటి వారం అందరూ వస్తారు. ఎలక్ట్రీషియను కూలి, కుట్టుమిషను రిపేరు, పిల్లల పుస్తకాలు మీద పడే మూడో వారానికి ఎవరూ కనబడరు. లెక్క ముగ్గురి చేతిలో ఉండాలి, వాళ్లలో ఒకరు స్త్రీల సమాజం నుంచి. పౌలు కూడా కానుక సొమ్ము ఒంటరిగా మోయలేదు. మనుషుల ఎదుట కూడా నిందలేకుండా జాగ్రత్తపడ్డానని రెండో కొరింథీ 8లో రాశాడు.

మన సంఘం కానివాళ్ల ఇళ్లు కూడా జాబితాలో చేర్చండి, ప్రార్థనకు రమ్మనే షరతు లేకుండా. ఈ జిల్లాలో దీనికి పాత ఉదాహరణే ఉంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, సాయం పంచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపాడు. అది ముగిశాకే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా బావగారు, ఆయన వెళ్లే అక్కడి చర్చీ డబ్బు పంపుతామంటున్నారు. పాస్టరుగారి ఖాతాకు వేయించుకోవచ్చా?
– కావలి

జవాబు: బంధువుగా మీ బావగారు మీ ఖాతాకు పంపితే ఇబ్బంది లేదు. అక్కడి చర్చి పంపే డబ్బు వేరు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేని సంఘం గానీ పాస్టరుగారు గానీ దాన్ని తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ కూడా న్యూఢిల్లీ స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోని ఖాతాలోకే తీసుకోవాలి, 2020 సవరణ తర్వాత దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. మంచి మనసుతో చేసినా కేసు అవుతుంది.

ప్రశ్న: ప్రభుత్వ సాయం జాబితాలో మా పేరు లేదు. దస్తావేజులు కూడా పోయినాయి.
– బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి. నీటి చార ఫొటోలు జత చేయండి. 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన విపత్తు సాయం నిబంధనల్లో కుటుంబానికి బట్టలకు రూ.2,500, వంట సామానుకు రూ.2,500, కొంత దెబ్బతిన్న పక్కా ఇంటికి రూ.6,500, పూర్తిగా పోతే రూ.1,20,000 ఉన్నాయి. రాష్ట్రం విడిగా ప్రకటించేది దీనికి పైన. తాజా జీవో చూపించమనండి. రిజిస్టరైన దస్తావేజుకు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ వస్తుంది. చర్చిలో జరిగిన పెళ్లికి వివాహ రిజిస్టరు నకలు పాస్టరుగారి దగ్గర అడగండి.

ప్రశ్న: ఇల్లు బాగైంది. అయినా మబ్బు పట్టిందంటే మా ఎనిమిదేళ్ల పాప వణికిపోతోంది, రాత్రిళ్లు పక్క తడుపుతోంది. ప్రార్థన చేయిస్తున్నాం.
– ఒక తల్లి, కొత్తపట్నం

జవాబు: ప్రార్థన మానొద్దమ్మా, అయితే భయం పోలేదంటే విశ్వాసం చాలలేదని పాపతో ఎవరినీ అననీయొద్దు. పక్క తడిపినందుకు తిట్టొద్దు. వానొస్తే ఏం చేస్తామో పాపకే అప్పగించండి: టార్చి ఎక్కడుంది, కాగితాల సంచి ఎవరు పట్టుకోవాలి, ఏ డాబా మీదికి పోవాలి. ఒకసారి ఎండ రోజున నడిపించి చూపించండి. చేతిలో పని ఉన్న పిల్లలకు భయం త్వరగా తగ్గుతుంది. నెల దాటినా నిద్రపోకపోతే, బడికి పోనంటే 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. అవసరమైతే ఎక్కడ డాక్టరుకు చూపించాలో వాళ్లే చెబుతారు.